బస్తర్ వాగులకు ఉపగ్రహ పటాలు: రైతుకు ఒరిగేదెంత?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పీఠభూమిపై ఏటా సగటున 1300 మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుంది. అనంతపురం జిల్లాకు దక్కే వాన అందులో సగమైనా ఉండదు. అయినప్పటికీ సంక్రాంతి దాటేసరికి బస్తర్‌లోని చిన్న వాగులు అనేకం ఇసుక మేటలుగా మిగులుతున్నాయి. వానాకాలపు వరి ఇంటికి చేరిన తరువాత రెండవ పంటకు నీటి వసతి లేని గిరిజన కుటుంబాలు మిరప కోతల పనికి సరిహద్దు దాటి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాలకు తరలి రావడం ఏటా జరుగుతున్నదే. ఎండిన వాగుకూ, కదిలిన కుటుంబానికీ మధ్యగల ఈ సంబంధం తెంచగలిగిందా లేదా అన్నదే అక్కడి నీటి సంరక్షణ పథకాలకు అసలైన గీటురాయి.

ఈ వాగులను పునరుద్ధరించే పనిని సులభతరం చేయడానికి గత పదిహేనేళ్లలో కంప్యూటర్ ఆధారిత సాధనాలు ఒకదాని వెంట ఒకటి రంగప్రవేశం చేశాయి. ఒకప్పుడు ఇంజనీర్లు వారాల తరబడి సర్వే చేసి గీయవలసిన పరీవాహక ప్రాంత పటం ఇప్పుడు తెరపై నిమిషాలలో ప్రత్యక్షమవుతున్నది. ఇంతవరకు వివాదమేమీ లేదు. ఆ పటం ఎవరి ఉపయోగం కోసం సిద్ధమైంది, దానిని సవరించే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అన్న దగ్గరనే చిక్కు వచ్చిపడుతున్నది.

బాలానగర్ నుంచి బస్తర్‌కు

ఈ సాధనాలలో ప్రధానమైన వాటి మూలాలు హైదరాబాద్‌లోనే ఉండడం విశేషం. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నిర్వహణలో ఉన్న ‘భువన్’ను ఇస్రో 2009 ఆగస్టులో ప్రారంభించింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో తీసిన జంట చిత్రాల ఆధారంగా దేశం మొత్తానికీ ఎత్తుపల్లాల నమూనా తయారైంది. ఉపాధి హామీ పథకం కింద జరిగిన పనులకు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోటోలు జోడించే ప్రక్రియ 2016లో మొదలైంది. జరిగిన పనిని పటంపై చూపడంతో ఆగక, జరగవలసిన పనిని కూడా పటంపైనే నిర్ణయించేందుకు ‘యుక్తధార’ అనే వేదికను గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ, ఇస్రో కలిసి 2021 ఆగస్టు 23న ప్రారంభించాయి.

స్వచ్ఛంద రంగం కూడా వెనుకబడి లేదు. గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ‘క్లార్ట్’ అనే సాధనాన్ని రూపొందించింది. రాతి పొర, వాలు, వాగుల అమరిక, భూవినియోగం వంటి వివరాలను మేళవించి, ఏ నేలలో నీరు ఇంకుతుంది, ఏ నేలపై నిలవచేయడం మేలు అన్నది రంగులలో చూపడం దీని ప్రత్యేకత. మొబైల్ ఫోన్‌లో ముందుగా పటాన్ని దింపుకుంటే సిగ్నల్ లేని చోట కూడా ఇది పనిచేస్తుంది. ఢిల్లీ ఐఐటీ పరిశోధకుల చొరవతో వచ్చిన ‘కామన్స్ కనెక్ట్’ మరొకటి. గ్రామ యువకులే ఇంటింటి అవసరాలను పటంపై గుర్తించి పనుల ప్రతిపాదన తయారు చేయాలన్నది దాని ఉద్దేశం.

వీటన్నింటి వెనుక ఉన్న సూత్రం పాతదే. నేలను గడులుగా విభజించి ప్రతి గడి నుంచి నీరు ఏ దిక్కుకు జారుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. అనేక గడుల నీరు చేరిన చోట వాగు గీత ఏర్పడుతుంది. తల దగ్గర పుట్టే సన్నని పాయ మొదటి శ్రేణి. అటువంటివి రెండు కలిస్తే రెండవ శ్రేణి. చికిత్స ఎప్పుడూ తల నుంచే ఆరంభం కావాలి. మిట్టపై సమతల కందకాలు, ఆ దిగువ పాయలలో వదులు రాళ్ల అడ్డుకట్టలు, తీగ వలలో బిగించిన రాతికట్టలు పూర్తయిన తరువాతనే దిగువన చెక్‌డ్యామ్ నిర్మించాలి. ఈ వరుస తప్పి దిగువన కాంక్రీటు పోస్తే పైనుంచి కొట్టుకువచ్చే మట్టితో అది కొద్ది వర్షాకాలాలలోనే పూడిపోతుంది. కాంట్రాక్టరుకు లాభసాటి అయినది చెక్‌డ్యామ్. రైతుకు ముందు కావలసినది మిట్టమీది కందకం. పటం ఉంటే ఈ వరుసను తారుమారు చేయడం కష్టమవుతుంది, తారుమారు చేసినా పట్టుబడుతుంది. ఈ ఒక్క ప్రయోజనమే ఈ సాధనాలపై పెట్టిన ఖర్చును సమర్థించడానికి చాలు.

పటానికి కనపడనివి

అయితే బస్తర్ నేల స్వభావం ఈ పటాలకు కొన్ని పరిమితులను విధిస్తున్నది. ఉచితంగా లభించే ఎత్తుపల్లాల నమూనాలో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 900 చదరపు మీటర్లు, సుమారు 22 సెంట్లు. అంతటి విస్తీర్ణానికి ఎత్తు ఒకే ఒక అంకె. నాలుగు మీటర్ల వెడల్పు గల పాయ ఆ గడిలో ఏ మూల నుంచి పారుతున్నదీ తెలియదు. దట్టమైన సాల వనాలలో ఇబ్బంది రెట్టింపవుతుంది. ఉపగ్రహ చిత్రాలు కొలిచేది చెట్ల శిఖరాలను గాని వాటి కింది నేలను కాదు. అడవి నరికిన చోట లేని లోయ, అడవి నిలిచిన చోట లేని గుట్ట పటంలో పుట్టుకురావచ్చు. రాతి సంగతీ అంతే. బస్తర్‌లో చాలా భాగం గ్రానైటు జాతి శిలలు. అక్కడ నీరు నిలిచేది శిథిలమైన పైపొరలోను, పగుళ్లలోను మాత్రమే. జగదల్‌పూర్ పరిసరాలలో, కుటుమ్‌సర్ గుహలున్న కాంగేర్ లోయలో సున్నపురాయి ఉంది. ఒకే విధమైన ఊటకుంట ఈ రెండు చోట్లా ఒకే ఫలితం ఇవ్వదు.

ఇవి సాంకేతిక పరిమితులు. మరింత సూక్ష్మమైన ఉపగ్రహ చిత్రాలతో ఇవి తగ్గవచ్చు. తగ్గనిది మరొకటి ఉన్నది.

బస్తర్ రైతు తన భూమిని ఎత్తును బట్టి గుర్తిస్తాడు. మిట్టమీది నేల టిక్రా. కోస్రా అనే సామలు, మండియా అనే రాగులు అక్కడ పండుతాయి. నడిమి నేల మాల్. అన్నింటికంటె పల్లాన ఉండి చివరిదాకా తేమ నిలుపుకొనే వరి మడి గభార్. ఈ గభార్ పొలాలలో అనేకం తరతరాలుగా వాగు తల పాయలకు అడ్డంగా గట్లు వేసి మెట్లు మెట్లుగా మలుచుకున్నవే. కనుక కంప్యూటర్ ‘మొదటి శ్రేణి వాగు’ అని నీలిరంగు గీత గీసిన చోట నేలపై ఉన్నది ఒక కుటుంబానికి ఉన్న భూమిలోకెల్ల విలువైన మడి కావచ్చు. అక్కడ రాతికట్ట వేయమని సాధనం సూచిస్తుంది. కట్ట పడితే కింది నలుగురికి నీరు, ఆ కుటుంబానికి మునక. అవే గట్లు నిజానికి ఎవరూ లెక్కించని జలసంరక్షణ నిర్మాణాలు అన్న సంగతి పటానికి తెలియదు. ఊరి పెద్దలకు తెలుసు. ఆ తెలిసినవారిని ఏ దశలో అడుగుతున్నారన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న.

ఆచరణలో అడగడం చివరి దశలోనే జరుగుతున్నది. యుక్తధారలో పనులను చేర్చడం పంచాయతీ సిబ్బంది, సాంకేతిక సహాయకుల బాధ్యత. రైతు ముందుకు వచ్చేసరికి ప్రతిపాదన పూర్తయి ఉంటుంది. గ్రామసభలో వినిపించే భాషలు హల్బీ, గోండీ, భత్రీ. కోంటా, భోపాలపట్నం వైపు దొర్లీ, తెలుగు. తెరమీది అక్షరాలు ఇంగ్లీషువో, హిందీవో. ‘ఈ గీత తప్పు, వాగు నా పొలానికి అవతల పారుతుంది’ అని ఒక రైతు చెబితే అది గ్రామసభ తీర్మానంలోకి ఎక్కవచ్చు గాని, గీత మారాలంటే మరొకరి లాగిన్ తెరుచుకోవాలి.

ఎవరి భూమి, ఎవరి వాగు

ఈ విషయంలో అమెరికాతో పోలిక కొంత ఉపకరిస్తుంది. అక్కడి భూగర్భ సర్వేక్షణ సంస్థ నిర్వహించే ‘స్ట్రీమ్‌స్టాట్స్’లో ఎవరైనా తమ ఊరి వాగుపై ఒక బిందువును ఎంచుకుంటే ఆ బిందువుకు ఎగువన ఉన్న పరీవాహక విస్తీర్ణం, అక్కడ రాగల వరద అంచనా వెలువడతాయి. వాగుల పునరుద్ధరణ పనులకు సైనిక ఇంజనీర్ల విభాగం ‘నేషన్‌వైడ్ పర్మిట్ 27’ పేరిట సరళీకృత అనుమతిని అమలు చేస్తున్నది. ఒడ్డున భూమి ఉన్న రైతు సమాచారం చూసుకుని, దరఖాస్తు పెట్టి, పని మొదలుపెట్టగలగడానికి కారణం అతని యాజమాన్యం నిర్వివాదం కావడమే.

బస్తర్‌లో అటువంటి నిర్వివాదమైన యాజమాన్యం అరుదు. వాగు గర్భం ప్రభుత్వానిది. ఒడ్డున పొలం రైతుది, లేదా అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందినది. ఎగువన గుట్ట అటవీ శాఖది, లేదా గ్రామానికి సామూహిక అటవీ వనరుల హక్కు కింద దఖలు పడినది. ఒక్క కిలోమీటరు వాగుకు చికిత్స చేయాలన్నా రెవెన్యూ, అటవీ, పంచాయతీ శాఖలు మూడూ కలవాలి. అబూజ్‌మడ్‌లో అయితే రెవెన్యూ సర్వే అనేదే తరతరాలుగా జరగలేదు. హద్దులే నమోదు కాని పొలానికి ఏ పోర్టల్‌లోనూ సర్వే నంబరు దొరకదు.

చట్టం మాత్రం ఇందుకు ఒక దారి చూపింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్ కింద గ్రామసభ సిఫారసుతో పదమూడు రకాల సౌకర్యాలకు అటవీ భూమిని మళ్లించవచ్చు. వర్షపునీటి నిల్వ నిర్మాణాలు, చిన్నతరహా సాగునీటి కాలువలు ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కో దానికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నష్టం అన్నవి షరతులు. బస్తర్‌లోని చిన్న వాగుల పనులకు ఇంతకంటె అనువైన నిబంధన లేదు. వాగు పని ప్రణాళిక తయారైన తెరమీదనే ఈ సిఫారసు పత్రం కూడా వెలువడే ఏర్పాటు చేస్తే రైతుకు కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. సాధనాల రూపకర్తల దృష్టి ఎత్తుపల్లాల మీద నిలిచినంతగా ఈ కాగితాల మీద నిలవలేదు.

తెలుగు నేలపై పూర్వానుభవం

ఈ సందర్భంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం ప్రస్తావించదగినది. ప్రముఖ ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1995 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన మార్గదర్శకాలు దాదాపు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ప్రణాళికకు ప్రాతిపదికగా చేశాయి. నిర్ణయాధికారం గ్రామ స్థాయి సంఘాలకు ఉండాలని కూడా నిర్దేశించాయి. కంప్యూటర్ పటం లేకుండానే ఆ ఆలోచన సాగింది.

అంతకంటె ముఖ్యమైనది రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల నిర్వహణ పథకం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తరువాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలోని వందలాది గ్రామాలలో దీనిని అమలు చేశారు. రైతులు, అందులో స్త్రీలు కూడా, బావులలో నీటి మట్టాన్ని తామే కొలిచారు. వర్షమాపకం రీడింగును తామే రాసుకున్నారు. ఆ అంకెలను ఊరి గోడమీద అందరికీ కనిపించేలా ఎక్కించారు. రబీ ఆరంభంలో ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క చూసేవారు. ఫలానా పంట వేయరాదని ఎవరినీ శాసించలేదు, వేయనందుకు సబ్సిడీ ఇవ్వలేదు. అయినా లోటు కంటికి కనిపించిన గ్రామాలలో వరి విస్తీర్ణాన్ని తగ్గించుకున్న రైతులు ఉన్నారు. భారత భూగర్భ జలాలపై ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

అక్కడ వాడిన పరికరాలు అతి సామాన్యమైనవి. అయితే అంకె పుట్టింది రైతు చేతిలో. యుక్తధారలో అంకె పుడుతున్నది ఉపగ్రహంలో, చేరుతున్నది జిల్లా కార్యాలయంలో. ఈ తేడాను సాంకేతిక వెనుకబాటుగా కొట్టిపారేయడానికి వీలులేదు. కాగా ఆంధ్ర అనుభవంలో రెండవ పార్శ్వాన్ని కూడా దాచనవసరం లేదు. విదేశీ సహాయం ముగిసిన తరువాత అనేక గ్రామాలలో ఆ కొలతలు క్రమంగా సన్నగిల్లాయి. రోజూ కొలిచే మనిషికి ఎవరో ఒకరు కొంత భృతి చెల్లించక తప్పదు.

ప్రభుత్వాలు మారిన వేళ

ఛత్తీస్‌గఢ్‌లో 2018 డిసెంబరులో అధికారం చేపట్టిన భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ‘నర్వా, గరువా, ఘురువా, బారీ’ అనే పథకాన్ని తెచ్చింది. నర్వా అనగా వాగు. తక్కిన మూడూ పశువులు, ఎరువు గుంత, పెరటి తోట. వాగును ఎంపిక చేసి, పటం గీసి, తల నుంచి పాదం వరకు పనులు చేపట్టడం నర్వా విభాగపు పద్ధతి. పంచాయతీల పరిధిలో ఉపాధి హామీ నిధులు, అడవులలో నష్టపరిహార వనీకరణ నిధులు ఇందుకు వెచ్చించారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారడంతో ఆ నినాదం తెరమరుగైంది. నినాదంతో పాటు మరమ్మతు బాధ్యత కూడా తెరమరుగు కావడం విచారకరం. వదులు రాళ్ల కట్టకు ప్రతి వానాకాలం తరువాత నాలుగు రోజుల పని ఉంటుంది. జారిన రాళ్లను తిరిగి పేర్చకపోతే కట్ట పక్కనుంచి నీరు దారి చేసుకుని ఒడ్డును కోస్తుంది. కట్ట లేనప్పటికంటె నష్టం అధికమవుతుంది. పని ‘పూర్తయింది’ అనే ఫోటోతో సాధనం తన కర్తవ్యం ముగిసిందని భావిస్తున్నది. మూడవ సంవత్సరపు ఫోటోను ఎవరూ కోరడం లేదు.

ఇదే ప్రాంతంలో మరొక ఆన్‌లైన్ సాధనం చేసిన పని గుర్తుచేసుకోదగినది. ఉపాధి కూలీల హాజరును మొబైల్ యాప్ ద్వారా నమోదు చేయడం 2023 జనవరి 1 నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. సిగ్నల్ అందని చోట్ల ఫోటో ఎక్కక, చేసిన పనికి కూలి నమోదు కాలేదన్న ఫిర్యాదులు వివిధ రాష్ట్రాల నుంచి వచ్చాయి. దక్షిణ బస్తర్‌లో భద్రతా దళాల కొత్త శిబిరాల వెంట రహదారులు, సెల్ టవర్లు విస్తరిస్తున్నాయి. శిబిరాల పరిసర గ్రామాలకు సౌకర్యాలు చేర్చేందుకు 2024లో ‘నియద్ నెల్లనార్’ పథకం మొదలైంది. దశాబ్దాల హింస వల్ల ఏ అధికారీ అడుగుపెట్టని గ్రామాలకు మొట్టమొదట చేరే ప్రభుత్వ ముఖం మొబైల్ తెరే అయ్యే అవకాశం ఉంది. ఆ తెర కూలి కోసేదిగా పరిచయం అవుతుందా, వాగు చూపేదిగా పరిచయం అవుతుందా అన్నది స్వల్ప విషయం కాదు.

ఇదిలా ఉండగా ఉపాధి హామీ చట్టం స్థానే కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. పనిదినాలను 100 నుంచి 125కు పెంచిన ఈ చట్టం జలభద్రతను ప్రాధాన్య రంగాలలో ఒకటిగా పేర్కొన్నది. గ్రామ పంచాయతీ ప్రణాళికలను పీఎం గతిశక్తి పటాలతో అనుసంధానం చేయాలన్నది. పటాల ప్రాముఖ్యం దీనితో మరింత పెరిగింది. మరోవైపు, గతంలో నైపుణ్యం అవసరం లేని పనుల కూలి మొత్తాన్ని కేంద్రమే భరించగా, కొత్త చట్టం ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలకు ఖర్చులో 40 శాతం వాటా నిర్ణయించింది. మిట్టమీది కందకాలు దాదాపు పూర్తిగా కూలి మీద నడిచే పనులు. రాష్ట్ర ఖజానాపై భారం పడినప్పుడు మొదట కోతకు గురయ్యేవి కంటికి ఆనని ఇటువంటి పనులే అన్న ఆందోళన నిరాధారం కాదు.

ఈ కోతకు ఎదురుగా నిలిచి ఉన్నది బోధ్‌ఘాట్. ఇంద్రావతిపై ఈ భారీ ప్రాజెక్టుకు 1979లో శంకుస్థాపన జరిగింది. అటవీ ముంపు, గిరిజనుల నిర్వాసిత సమస్యల వల్ల దశాబ్దాల పాటు మూలన పడింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఇంద్రావతి-మహానది అనుసంధానంతో కలిపి సుమారు 49 వేల కోట్ల రూపాయల అంచనాతో దీనిని మళ్లీ కేంద్రం ముందుంచింది. భారీ ప్రాజెక్టు వల్ల విద్యుత్తు, కాలువలు రావచ్చు గాని, మిట్టమీది టిక్రా భూములకు కాలువ ఎక్కదు. ఆ భూములకు వాగు తలలో ఆగిన నీరే గతి.

తెలుగు రాష్ట్రాలకు కూడా ఇందులో పాలు ఉంది. ఇంద్రావతి మేడిగడ్డకు దిగువన, తుపాకులగూడెం బ్యారేజికి ఎగువన గోదావరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద, తాలిపేరు భద్రాచలానికి ఎగువన చేరతాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ ఉపనదుల పేర్లు ఇంటింటా వినిపించాయి. అంతటి వరదను రాతికట్టలు ఆపుతాయని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. వాటి ప్రభావం కనపడవలసినది మార్చి, ఏప్రిల్ నెలల సన్నని ప్రవాహంలో. 2019 వేసవిలో చిత్రకోట్ జలపాతం ఎండిపోయే స్థితికి చేరినప్పుడు జగదల్‌పూర్ ప్రాంత ప్రజలు ఇంద్రావతి రక్షణ కోరుతూ పాదయాత్ర చేశారు. ఒడిశా సరిహద్దున జోరా నాలా వైపు నీరు మళ్లుతుండడం దానికి ప్రధాన కారణంగా వారు చూపారు. 1975 ఒప్పందం ప్రకారం ఒడిశా సరిహద్దు వద్ద ఇంద్రావతిలో 45 టీఎంసీల ప్రవాహం ఉండాలి. ఏడాది మొత్తానికి చెప్పిన ఆ అంకె వేసవి నెలలకు ఇచ్చే భరోసా స్వల్పమే.

కొత్త ఉపాధి చట్టం కింద రాష్ట్రాలు తమ పథకాలను రూపొందించుకోవడానికి ఆరు నెలల గడువు నిర్దేశించారు. ప్రణాళిక పటం గ్రామసభ ముందుకు ఖరారు కాకముందే రావాలని, అది స్థానిక భాషలో ఉండాలని, హద్దు గాని వాగు గీత గాని తప్పని రైతు చెప్పినప్పుడు ఆ అభ్యంతరం అదే పటంపై నమోదు కావాలని, మూడేళ్ల వరకు కట్టల మరమ్మతుకు పనిదినాలు కేటాయించాలని ఆ పథకంలో నాలుగు వాక్యాలు చేర్చడానికి ఉపగ్రహం అవసరం లేదు, అదనపు బడ్జెట్ అవసరమైనది ఆఖరు దానికి మాత్రమే.